కంప్యూటరు రాసుకునే రిజిస్టర్లు

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా 2024 డిసెంబరు 17న మన సంఘ భవనంలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. పెన్షను దయాధర్మం కాదు, హక్కు అని మనం తలెత్తి చెప్పుకునే రోజు ఇది. ఇలాంటి రోజున డి.ఏ. బకాయిల గురించో, వైద్య ఖర్చుల గురించో మాట్లాడతానని మీరు అనుకుని ఉంటారు. వాటి మీద నాకంటే బాగా చెప్పగలవారు తరువాత మాట్లాడతారు. కార్యదర్శిగారు నాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. ఆ సమయంలో కంప్యూటర్ల సంగతి చెబుతాను. కంప్యూటర్లంటే నాకేదో పాండిత్యం ఉందని కాదు. వాటి వల్ల నా చేత ఒక తప్పు జరిగింది. ఆ తప్పుకు వేరొకరు మాట పడ్డారు. ఆ సంగతి సభాముఖంగా చెప్పుకోవడం నా బాధ్యత.

నేను 1973లో తాలూకా ఆఫీసులో ఎల్.డి.సి.గా చేరాను. 2009లో సీనియర్ అసిస్టెంటుగా రిటైరయ్యాను. ఈ ముప్ఫయ్యారేళ్ళూ నా చేతిలో ఉన్నవి రిజిస్టర్లే. తపాలు రిజిస్టరు, పర్సనల్ రిజిస్టరు, డిస్పాచ్ రిజిస్టరు, క్యాష్ బుక్, స్టాకు రిజిస్టరు, హాజరు పట్టీ. ఆఫీసులో కొత్తగా చేరినవాడికి హెడ్ గుమాస్తాగారు మొదట నేర్పేది ఒకటే: ఏ సంగతి ఏ రిజిస్టరులో ఉంటుందో తెలుసుకో, తరువాత పని నేర్చుకోవచ్చు అని. ఫలానా కాగితం వచ్చిందా అంటే తపాలు రిజిస్టరు. ఎవరి సీటులో ఉంది అంటే పర్సనల్ రిజిస్టరు. జవాబు వెళ్ళిందా అంటే డిస్పాచ్. ఒక రిజిస్టరు చెప్పవలసిన జవాబును మరో రిజిస్టరులో వెతికితే దొరకదు. దొరికినట్టు కనిపించిందంటే అది ఇంకా ప్రమాదం. ఈ చివరి మాట నాకు రిటైరైన పద్నాలుగేళ్ళకు గాని తెలిసిరాలేదు.

జరిగిన సంగతి

మన సంఘం సభ్యుల వివరాలు కంప్యూటరులోకి ఎక్కించిన విషయం మీకు తెలుసు. అందులో మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సర్వరు ఉంది. డేటాబేస్ అంటే సభ్యుల పట్టీ అనుకోండి. సర్వరు అంటే ఆ పట్టీని తన బీరువాలో పెట్టుకుని, అడిగినవారికి చూపిస్తూ, చెప్పిన మార్పులు చేస్తూ ఉండే రికార్డు కీపరు. సభ్యుడి పేరు, మండలం, ఫోను నంబరు, సహాయ నిధి జమ కావలసిన బ్యాంకు ఖాతా నంబరు వగైరాలన్నీ అందులో ఉంటాయి.

2023 నవంబరు మూడో వారంలో మన సభ్యులొకరు కాలం చేశారు. కుటుంబానికి సహాయ నిధి నుంచి ఇవ్వవలసిన పదివేల రూపాయలు డిసెంబరు 4న కంప్యూటరులో ఉన్న ఖాతా నంబరు చూసి పంపించాము. 8వ తేదీన ఆయన భార్య ఆఫీసుకు వచ్చి, "అన్నయ్యగారూ, డబ్బు రాలేదు" అన్నారు. పాస్ బుక్కు తెప్పించి చూస్తే కంప్యూటరులో ఉన్న నంబరు ఆవిడది కాదు.

ఆ వరుసలో చివర 'సవరించిన తేదీ' అని ఒక గడి ఉంది. అందులో నవంబరు 16 అని ఉంది. ఎవరు సవరించారు? మాలో ఒకరికి కంప్యూటరులో లాగ్ అని ఒకటి ఉంటుందని తెలుసు. ఆ ఫైలు తెరిచాము. 16వ తేదీ కింద చూస్తే సర్వరు 5-05 గంటలకు ఒకసారి, మళ్ళీ 6-22కు ఒకసారి మొదలైనట్టు ఉంది. మన ఆఫీసు తెరిచేది పదిన్నరకు. రెండో తాళం ఉన్నది డేటా ఎంట్రీ చేసే కుర్రవాడి దగ్గర. ఇంకేముంది? తెల్లవారుజామున దొంగచాటుగా వచ్చి నంబరు మార్చాడన్నారు. డబ్బు చేరిన ఖాతాదారుతో కుమ్మక్కయ్యాడని కూడా అన్నారు. ఆ అన్నవారిలో నేనూ ఉన్నాను. వాడు, "సార్, నేను రాలేదు సార్, అమ్మ మీద ఒట్టు" అన్నాడు. "మరి కంప్యూటరు అబద్ధం చెబుతుందా?" అన్నాను. ఆ మాట నేనే అన్నాను. మర్నాటి నుంచి వాడు రావడం మానేశాడు.

డిసెంబరు 12న మన సభ్యులొకరి అమ్మాయి పెళ్ళికని హైదరాబాదు నుంచి వచ్చింది. అక్కడ ఒక కంపెనీలో డేటాబేసుల పనే చేస్తుంది. వాళ్ళ నాన్నగారు ఈ గొడవ చెబితే, పెళ్ళి భోజనం కాగానే పట్టుచీరతోనే ఆఫీసుకు వచ్చి కూర్చుంది. ఆ లాగ్ చూసి ఒక్క నిమిషంలో, "పెదనాన్నగారూ, ఈ అంకెల చివర జెడ్ అనే అక్షరం ఉంది, చూశారా?" అంది. చూడలేదు. చూసినా ఏమిటో తెలియదు.

ఆ జెడ్ అంటే అది అంతర్జాతీయ ప్రామాణిక సమయమని అర్థం. మన గడియారం దానికంటే ఐదున్నర గంటలు ముందు. మైఎస్‌క్యూఎల్ ఈ లాగులో సమయాన్ని, మనం ప్రత్యేకంగా మార్చకపోతే, ఆ లెక్కలోనే రాస్తుంది. 5-05 అంటే మన పది ముప్ఫయ్యయిదు, అంటే ఆఫీసు తెరిచిన సమయం. 6-22 అంటే మన పదకొండు యాభయ్రెండు. మేము ఆ ఒక్క తేదీ మాత్రమే చూశాము గాని ముందు వెనక రోజులు కూడా చూసి ఉంటే, ప్రతిరోజూ తెల్లవారుజామున ఐదింటికే ఆఫీసు తెరిచి మధ్యాహ్నం పన్నెండింటికి మూసినట్టు ఉండేది. అప్పుడైనా అనుమానం వచ్చేది. ఒక్క పద్దు చూసి తీర్పు చెప్పరాదని ముప్ఫయ్యారేళ్ళు ఆడిట్ వాళ్ళ చేత చివాట్లు తిన్న నేను ఆ సంగతే మరిచిపోయాను.

ఏ లాగులో ఏముంటుంది

ఆ సాయంత్రం ఆ అమ్మాయి నాకు చెప్పినది, తరువాత ఏడాదిగా నేను చదువుకుని సరిచూసుకున్నది, మన భాషలో చెబుతాను.

లాగ్ అంటే ఒక పుస్తకం కాదు, చాలా పుస్తకాలు. మేము తెరిచినది ఎర్రర్ లాగ్. పేరు చూసి ఇందులో తప్పులన్నీ ఉంటాయనుకున్నాము. ఇది నిజానికి రాత్రి కాపలావాడి డైరీ లాంటిది. సర్వరు ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఆగింది, డిస్కు నిండిందా, ఫైలు తెరుచుకోలేదా, ఇలాంటివి రాస్తుంది. మనిషి చేసిన తప్పులు ఇందులో ఉండవు. ఎవరి ఖాతా నంబరు ఎవరు మార్చారనేది కాపలావాడి డైరీలో ఎందుకుంటుంది? అయినా ఈ డైరీ ఒక సంగతి చెప్పింది. 6-22కు మొదలైనట్టు ఉంది గాని, దానికి ముందు ఆగినట్టు లేదు. పద్ధతి ప్రకారం ఆపితే ఆపినట్టు రాస్తుంది. రాయకుండా మళ్ళీ మొదలైందంటే మధ్యలో కరెంటు పోయిందన్నమాట. ఆ రోజు పదకొండున్నర దాటాక కరెంటు పోయిన మాట నాకూ గుర్తుకు వచ్చింది.

రెండోది జనరల్ క్వెరీ లాగ్. ఇది మన తపాలు రిజిస్టరు. సర్వరుకు ఎవరు వచ్చారు, ఏమి అడిగారు, అన్నీ వచ్చిన వరుసలో రాస్తుంది. చూడ్డానికి అడిగినా, మార్చడానికి అడిగినా, ప్రతి ఆజ్ఞా ఎక్కుతుంది. అయితే ఒక మెలిక ఉంది. ఇందులో రాసేది ఆజ్ఞ అందినప్పుడు, పని పూర్తయినప్పుడు కాదు. తపాలు రిజిస్టరులో అర్జీ నంబరు పడినంత మాత్రాన ఉత్తర్వు వచ్చినట్టు కాదు గదా! అలాగే ఈ లాగులో ఒక మార్పు కనబడితే ఎవరో అడిగారని మాత్రమే తెలుస్తుంది. అయిందో లేదో వేరే చూసుకోవాలి. ఎవరు అన్న ప్రశ్నకు జవాబిచ్చే పుస్తకం మాకు ఇదే. తెరిచి చూద్దామంటే అసలు పుస్తకమే లేదు. మైఎస్‌క్యూఎల్‌లో దీన్ని మనం కోరి ప్రారంభిస్తే తప్ప మొదలవదు. మేము కోరలేదు.

మూడోది స్లో క్వెరీ లాగ్. ఇది ఎరియర్ లిస్టు. నిర్ణీత సమయం కంటే ఆలస్యమైన పనులను మాత్రమే పట్టీ వేస్తుంది. మనం మార్చకపోతే ఆ గడువు పది సెకన్లు. మన ఆఫీసుల్లో పది నెలలు గడిస్తే గాని ఎరియరు కాదు, అక్కడ పది సెకన్లు! ఇదీ మనం కోరితేనే మొదలవుతుంది. సర్వరు ఎందుకు నెమ్మదించిందో తెలుసుకోవడానికి ఇది పనికివస్తుంది గాని, అపహరణ జరిగిందా లేదా అనే విచారణకు పనికిరాదు. తప్పుడు పని చకచకా అయిపోతే ఇందులో జాడే ఉండదు.

నాలుగోది బైనరీ లాగ్. మమ్మల్ని రక్షించినది ఇది. పాతకాలంలో షావుకారు దగ్గర చిట్టా, ఆవర్జా అని రెండు ఉండేవి. ఆవర్జాలో ఎవరి ఖాతా వారికి ఉంటుంది. చిట్టాలో రోజువారీ పద్దులు వరుసగా ఉంటాయి. ఆవర్జా చెదలు తిన్నా, పాత నిలవ తెలిసి, చిట్టా చేతిలో ఉంటే మళ్ళీ రాసుకోవచ్చు. బైనరీ లాగ్ ఆ చిట్టా. డేటాలో వచ్చిన ప్రతి మార్పూ, అది ఖరారయ్యాక, ఖరారైన వరుసలో ఇందులో ఎక్కుతుంది. ఉత్త చూపులు ఎక్కవు. అంటే ఎవరైనా మీ ఖాతా నంబరు చూసి రాసుకుపోతే ఈ పుస్తకంలో ఉండదు. మారిస్తే మాత్రం ఉంటుంది. 8.0 వెర్షను నుంచి దీన్ని మనం అడగకుండానే సర్వరు రాస్తోంది. మాది ఆ వెర్షను కావడం మా అదృష్టం.

అయితే ఈ పుస్తకం మనిషి చదివే అక్షరాల్లో ఉండదు. మైఎస్‌క్యూఎల్‌బిన్‌లాగ్ అనే ఉపకరణంతో చదవాలి. ఇంకొకటి, ఇది ఎప్పటికీ ఉండదు. మన రికార్డు రూములో ఆర్.డిస్. అయితే శాశ్వతం, డి.డిస్., ఎల్.డిస్. అయితే కొన్నాళ్ళకు ధ్వంసం అన్నట్టు దీనికీ గడువుంది. మనం మార్చకపోతే 30 రోజులు. మేము చూసింది డిసెంబరు 12న. మార్పు జరిగింది నవంబరు 16న. ఇంకో నాలుగు రోజులు గడిస్తే ఆ ఫైలును సర్వరు తనంతట తానే తీసేసే దశకు వచ్చేది. ఆ పెళ్ళి వారం తరువాత ఉండి ఉంటే ఆ కుర్రవాడి మీద మచ్చ మాసేది కాదు.

దొరికిన మనిషి

ఆ లాగులో నవంబరు 16, పదకొండు గంటల ముప్ఫయ్యారు నిమిషాలకు ఒక పద్దు ఉంది. ఈ ఉపకరణం సమయాన్ని మన గడియారం ప్రకారమే చూపించింది. ఒకే యంత్రం రాసిన రెండు పుస్తకాలు రెండు గడియారాలు చూపిస్తాయని గమనించండి. ఆ పద్దులో మారినది ఆ సోదరి ఖాతా ఒక్కటే కాదు. ఒకే మండలానికి చెందిన 37 మంది సభ్యుల ఖాతా నంబర్లు ఒక్క ఆజ్ఞతో ఒకే నంబరుగా మారిపోయాయి. దొంగ అయితే ఒక్కటి మారుస్తాడు గాని 37 మార్చి అందరి కళ్ళలో పడడు గదా.

మరి చేసింది ఎవరు? బైనరీ లాగ్ ఆ సంగతి చెప్పలేదు. ఏమి మారింది, ఎప్పుడు మారింది అనేవి రాసింది గాని, ఏ వినియోగదారుడు మార్చాడో అందులో లేదు. ఉన్నా లాభం లేకపోయేది. మేమందరమూ రూట్ అనే ఒకే పేరుతో, ఒకే పాస్‌వర్డుతో లోపలికి వెళ్ళేవాళ్ళం. అందరూ ఒకే పొడి అక్షరాల సంతకం పెడితే రిజిస్టరు ఏమి చెబుతుంది?

అప్పుడు కాగితం రిజిస్టర్లు తీశాము. కదలికల రిజిస్టరులో కుర్రవాడు ఆ రోజు 11-10కి బ్యాంకుకు వెళ్ళి 12-40కి తిరిగి వచ్చినట్టు సంతకం ఉంది. ఆ సమయంలో ఆఫీసులో ఉన్నది ఎవరు? అర్జీల ఫైలు తీస్తే ఆ మండలం సభ్యుడొకరు ఖాతా మార్చమని ఇచ్చిన కాగితం దొరికింది. దాని మీద "నమోదైనది" అని రాసి, 16-11 అని తేదీ వేసి, పొడి సంతకం చేసి ఉంది. ఆ సంతకం నాది.

జ్ఞాపకం అంతా ఒక్కసారిగా వచ్చింది. ఆ సభ్యుడు ఎదురుగా కూర్చుని ఉన్నారు. కుర్రవాడు లేడు. నాకూ వచ్చు గదా అని, వాడు నోటు పుస్తకంలో రాసిపెట్టిన ఒక పాత ఆజ్ఞను చూసి టైపు చేశాను. అది అప్‌డేట్ ఆజ్ఞ. అందులో వేర్ అనే మాట తరువాత ఎవరికి మార్చాలో షరతు ఉంటుంది. ఆ పాత ఆజ్ఞ మండలం మొత్తానికి మార్చడానికి రాసినది. నేను గడి పేరు మార్చాను, నంబరు మార్చాను, షరతు మార్చడం మరిచాను. సర్వరు వెంటనే, "క్వెరీ ఓకే, 37 రోస్ ఎఫెక్టెడ్" అంది. 37 వరుసలు మారాయని నా ముఖం మీదే చెప్పింది. నేను ఓకే అన్న మాట దగ్గరే ఆగిపోయాను. మైఎస్‌క్యూఎల్‌లో మనం వేరే ఏర్పాటు చేసుకోకపోతే ఏ ఆజ్ఞకు ఆ ఆజ్ఞ అప్పటికప్పుడే ఖరారవుతుంది. ఆ తరువాత కాసేపటికే కరెంటు పోయింది.

కరెంటు పోతే ఆ తప్పు కూడా పోవాలి గదా అని మీరనవచ్చు. పోదు. దీనికి వేరే పుస్తకం ఉంది, రీడూ లాగ్ అని. అసలు ఆవర్జాలోకి ఎక్కించడానికి ముందే, చేయబోయే మార్పును సర్వరు ఈ పుస్తకంలో గబగబా రాసుకుంటుంది. మధ్యలో దీపం ఆరిపోయినా, మళ్ళీ వెలిగాక ఇది చూసి మిగతా పని పూర్తిచేస్తుంది. దీనికి జోడుగా అన్‌డూ లాగ్ ఉంది. అందులో మార్పుకు ముందున్న అంకె ఉంటుంది. ఖరారు కాని పని రద్దయితే దాన్ని చూసి వెనక్కు తిప్పుతుంది. నేను చేసినది ఖరారైన పని కాబట్టి రీడూ లాగ్ దాన్ని భద్రంగా కాపాడింది. ఈ పుస్తకాలకు తప్పొప్పులతో నిమిత్తం లేదు. చెప్పిన పని పోకుండా చూడడమే వాటి ధర్మం.

ఇంకో సర్వరు దీని నకలుగా ఎక్కడైనా నడుస్తుంటే, దాని దగ్గర రిలే లాగ్ అని మరొకటి ఉంటుంది. అసలు సర్వరు చిట్టా నుంచి అందిన పద్దులు ముందు అందులో పడి, తరువాత నకలులోకి ఎక్కుతాయి. నకలు ఉంది గదా అని ధైర్యపడరాదు. నా తప్పు క్షణాల్లో నకలులోకి కూడా వెళ్ళి ఉండేది. నకలు వేరు, బ్యాకప్ వేరు.

బైనరీ లాగ్‌లో మార్పుకు ముందున్న విలువ, తరువాతి విలువ రెండూ ఉన్నాయి. దాన్నిబట్టి 37 పాత నంబర్లూ బయటకు తీసి, సభ్యులిచ్చిన అసలు దరఖాస్తులతో ఒక్కొక్కటి సరిచూసి మళ్ళీ ఎక్కించాము. డబ్బు ఎవరి ఖాతాలో పడిందో ఆ సభ్యుడికి ఆ సంగతే తెలియదు. ఫోను చేసిన రోజునే వెనక్కు పంపించారు. మరునాడు ఆ సోదరికి చేరింది.

లాగ్ అంటే చెత్త కాదు

మరొక సంగతి. డిస్కు నిండుతోందంటే చాలామంది మొదట తీసేసేది లాగ్ అని పేరున్న ఫైళ్ళనే. అది ఎంత ప్రమాదమో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ చరిత్ర చెబుతుంది. అది కూడా పేరున్న డేటాబేస్ సర్వరే. దానికీ రీడూ లాగ్ వంటి పుస్తకం ఉంది. ఆ పుస్తకం ఉండే ఫోల్డరుకు పూర్వం పీజీ-ఎక్స్‌లాగ్ అని పేరు. ఏ పని ఖరారైందో గుర్తుంచుకునే మరో ఫోల్డరుకు పీజీ-క్లాగ్ అని పేరు. లాగ్ అన్న మాట చూసి ఇవి అక్కరలేని కాగితాలనుకుని కొందరు తుడిచేసి, మళ్ళీ తిరిగిరాని విధంగా డేటా పోగొట్టుకున్నారు. అందుకని 2017లో వచ్చిన 10వ వెర్షనులో మొదటిదానికి పీజీ-వాల్ అని, రెండోదానికి పీజీ-ఎక్సాక్ట్ అని పేర్లే మార్చారు. రికార్డు రూములో లిస్టు చూడకుండా ధ్వంసం చేయరాదన్న మన నియమం అక్కడా వర్తిస్తుంది.

కంప్యూటరు చెప్పిందనే మాట

మేము అనుమానించినది ఒక్క కుర్రవాణ్ణి. నాలుగు రోజుల్లో బయటపడ్డాము. ఇంగ్లండు తపాలా శాఖలో హొరైజన్ అనే కంప్యూటరు విధానం వచ్చాక 1999 నుంచి 2015 వరకు 900 మందికి పైగా సబ్ పోస్టుమాస్టర్లకు దొంగతనం, తప్పుడు లెక్కల వంటి నేరాల కింద శిక్షలు పడ్డాయి. కంప్యూటరు లెక్కలో సొమ్ము తక్కువగా కనిపించడమే కారణం. కొందరు జైలుకు వెళ్ళారు. ఇళ్ళు, వాకిళ్ళు అమ్ముకున్నవారున్నారు. పోస్టుమాస్టరుకు తెలియకుండా అతని లెక్కల్లోకి దూరం నుంచి పద్దులు చేర్చడం కంప్యూటరు కంపెనీ సిబ్బందికి సాధ్యమేనని తరువాత తేలింది. 2019 డిసెంబరులో అక్కడి హైకోర్టు ఆ విధానంలో లోపాలున్నాయని తీర్పు చెప్పింది. 2021 ఏప్రిల్‌లో అప్పీలు కోర్టు 39 మంది శిక్షలు కొట్టివేసింది. 2024లో ఏకంగా చట్టం చేసి మిగతా శిక్షలు రద్దు చేశారు. అసలు పద్దుల వివరాలు మొదటే తెప్పించి నిదానంగా చూసి ఉంటే చాలామందికి ఆ గతి పట్టేది కాదు. అది చదివినప్పుడు నాకు కంటి మీద కునుకు రాలేదు. "కంప్యూటరు అబద్ధం చెబుతుందా?" అన్న నా మాటే చెవిలో మోగింది.

మనం చేసుకున్న ఏర్పాట్లు

కార్యవర్గం అనుమతితో ఆ అమ్మాయి సలహా మీద కొన్ని మార్పులు చేశాము. ఇప్పుడు ఎవరి పేరు వారికి, ఎవరి పాస్‌వర్డు వారికి. బైనరీ లాగ్ గడువు 180 రోజులకు పెంచి, వారానికొకసారి వేరే డిస్కులోకి నకలు తీస్తున్నాము. రోజూ బ్యాకప్ తీస్తున్నాము. ఎర్రర్ లాగ్ సమయాన్ని మన గడియారానికి మార్చాము. జనరల్ లాగ్ మాత్రం ఎప్పుడూ తెరిచి ఉంచడం లేదు. అది త్వరగా డిస్కు నింపేస్తుంది. పైగా మన ఖాతా నంబర్లన్నీ అందులోనూ పడి, ఇంకొక చోట కాపాడుకోవలసి వస్తుంది. అవసరమైనప్పుడు కొద్దిసేపు తెరుస్తాము.

మరొక ఏర్పాటు నా కోసం. గుర్తింపు సంఖ్య వంటి కీ గడి షరతు లేకుండా మార్పు చేయబోతే సర్వరు ఒప్పుకోకుండా ఆపే సదుపాయం మైఎస్‌క్యూఎల్‌లో ఉంది. దానికి సేఫ్ అప్‌డేట్స్ అని పేరు. దానికే తయారుచేసినవాళ్ళు సరదాగా పెట్టిన రెండో పేరు ఐ యామ్ ఎ డమ్మీ. అంటే నేనొక మొద్దును అని. నేను కంప్యూటరు ముందు కూర్చున్నప్పుడల్లా ఆ పేరుతోనే తెరుస్తున్నాను. (నవ్వులు)

కాగితం రిజిస్టర్లు తీసేయలేదు. కదలికల రిజిస్టరే గదా కుర్రవాణ్ణి నిలబెట్టింది. యంత్రం రాసేది యంత్రానికి తెలిసినది మాత్రమే. కుర్చీలో ఎవరు కూర్చున్నారో దానికి తెలియదు.

మీరు అడగవలసినవి

మీలో ఎవరికైనా రేపు ఏ ఆఫీసులోనైనా, "కంప్యూటరులో అలాగే ఉంది, మేమేమీ చేయలేం" అనే జవాబు రావచ్చు. లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చినా ఇవ్వలేదని, బతికి ఉన్నా లేరని, ఉన్న ఖాతా లేదని అనవచ్చు. అప్పుడు కోప్పడకండి. కాగితం మీద ఈ ప్రశ్నలు రాసివ్వండి. నా రికార్డు చివరిసారి ఏ తేదీన, ఎన్ని గంటలకు మారింది? ఆ గంటలు మన దేశ కాలమానమా, అంతర్జాతీయ కాలమానమా? మార్పుకు ముందు ఏముంది? ఏ వినియోగదారు పేరుతో మారింది, ఆ పేరు ఎంతమంది వాడతారు? ఏ కాగితం ఆధారంగా మార్చారు? ఈ లాగులు ఎన్నాళ్ళు ఉంచుతారు?

చివరి ప్రశ్న మొదట అడగడం మంచిది. ఆలస్యం చేస్తే పుస్తకమే ఉండకపోవచ్చు. ప్రభుత్వ సంస్థలు సహా కంప్యూటరు వ్యవస్థలు నడిపే సంస్థలు తమ లాగులను 180 రోజులు భద్రపరచాలని కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశాలిచ్చింది. కంపెనీల లెక్కల సాఫ్ట్‌వేరులో ప్రతి మార్పుకూ తేదీతో సహా ఎడిట్ లాగ్ ఉండాలని, దాన్ని ఆపే వీలు ఉండరాదని 2023 ఏప్రిల్ 1 నుంచి నియమం అమలులో ఉంది. ప్రభుత్వ కార్యాలయాల్లో 2005 నాటి సమాచార హక్కు చట్టం మనకు ఉండనే ఉంది. అడిగేవాడికి ఏ రిజిస్టరు అడగాలో తెలిస్తే, ఇచ్చేవాడికి లేదనడం కష్టం. ఇది మనమందరమూ కుర్చీకి అవతల కూర్చున్నప్పుడు చూసిన సంగతే.

ఇక ఆఖరి మాట. డిసెంబరు 13న నేను ఆ కుర్రవాడి ఇంటికి వెళ్ళాను. వాడి అమ్మగారు కుర్చీ వేసి కూర్చోబెట్టారు గాని మాట్లాడలేదు. వాడి ముందు, ఆవిడ ముందు, తప్పు నాదని చెప్పాను. వాడు తల వంచుకుని, "పోనివ్వండి సార్" అన్నాడు. పోనివ్వడానికి వీల్లేదన్నాను. వచ్చిన కార్యవర్గ సమావేశంలో జరిగినదంతా మినిట్స్ పుస్తకంలో నా చేతితో నేనే రాసి సంతకం చేశాను. వాడి మీద అనుమానం రాసిన పేజీ చింపలేదు. చింపితే మార్పు కనబడదు. ఎర్ర సిరాతో ఒక్క గీత గీసి, పక్కన సరైన సంగతి రాసి, తేదీ వేశాను. పాత అక్షరం కనబడేలా దిద్దాలని 1973లో మా హెడ్ గుమాస్తాగారు నేర్పిన పద్ధతి అదే.

ఆ అబ్బాయి ఈ రోజు సభలోనే ఉన్నాడు. మైకు సరిచేస్తున్నది అతనే. మళ్ళీ పనిలోకి వచ్చినందుకు అతనికి, పట్టుచీరతో వచ్చి రాత్రి తొమ్మిదింటి వరకు మా దుమ్ము పట్టిన గదిలో కూర్చున్న ఆ అమ్మాయికి నా కృతజ్ఞతలు.